పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్: డిస్ట్రో కంటే ముందు తేల్చుకోవలసినవి

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇది. మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు ఉన్న పాత ల్యాప్‌టాప్. అందులో విండోస్ 10 ఉంది. విండోస్ 11కు మారబోతే ఈ కంప్యూటర్ పనికిరాదని తేల్చేసింది. దాన్ని ఎక్కువగా వాడేది అమ్మానాన్నలు. వార్తలు, వీడియోలు, మెయిల్, ఎప్పుడైనా ఒక దరఖాస్తు టైపు చేసి ప్రింటు తీసుకోవడం, అంతే. విండోస్‌కు బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్. అందులో ఏ రకం (డిస్ట్రో) వేయాలి, ఫైళ్లు పోతాయా, విండోస్‌ను కూడా ఉంచుకోవచ్చా, కమాండ్లు రానివాళ్లు దీన్ని వాడగలరా అన్నవి మీ ప్రశ్నలు.

వాడగలరు. మీ ఇంటి అవసరాలకు లైనక్స్ మింట్ అనే డిస్ట్రోలో, తేలికైన డెస్క్‌టాప్‌తో వచ్చే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం చక్కగా సరిపోతుంది. సమాధానం ఇంతే కావాలనుకుంటే ఇక్కడితో ఆగవచ్చు. కానీ ఇలాంటి మార్పుల్లో పని చెడేది డిస్ట్రో ఎంపిక దగ్గర కాదు. డిస్కు దగ్గర, బ్యాకప్ దగ్గర, ప్రింటర్ దగ్గర చెడుతుంది. జనం వారాల తరబడి ఏ డిస్ట్రో గొప్పదో వాదించుకుని, ఈ మూడింటినీ చివరి అరగంటకు వదిలేస్తారు. అందుకే నేను వీటితోనే మొదలుపెడతాను.

ముందు విండోస్ సంగతి రెండు మాటల్లో. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఒకటి పెట్టారు కానీ, దానికి ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మీ మూడో తరం 2012 నాటిది. ఆ తనిఖీని తప్పించి విండోస్ 11 ఎక్కించే చిట్కాలు చాలాచోట్ల కనిపిస్తాయి. అలా ఎక్కించిన కంప్యూటర్‌కు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. పైగా 4 జీబీ ర్యామ్, తిరిగే డిస్కుతో విండోస్ 11 నడిపితే అమ్మానాన్నల ఓపికకు పరీక్ష పెట్టినట్టే.

ఇప్పుడు అసలు విషయం. ఆ ల్యాప్‌టాప్ ఎందుకు నెమ్మదించింది? అందరూ ప్రాసెసర్‌నే తిడతారు. నిజానికి ఆ ఐ3 బ్రౌజర్‌కూ ఉత్తరాలకూ ఇప్పటికీ చాలు. తిప్పలు పెడుతున్నది డిస్కు. ల్యాప్‌టాప్‌లలో వచ్చే హార్డ్ డిస్కు సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90. కావలసిన సమాచారం ఉన్న చోటు చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. అది సుమారు 5.5 మిల్లీసెకన్లు. అంతకుముందు హెడ్ ఆ వరుస మీదికి జరగాలి, దానికి మరో 10, 12 మిల్లీసెకన్లు. ఈ లెక్కన డిస్కు మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు 60, 70కి మించి చదవలేదు. బ్రౌజర్ తెరిచినప్పుడు కావలసినవి అలాంటి ముక్కలే, అవీ వేలల్లో. తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్ఎస్‌డీ, పాత డిస్కుకు ఉన్న సాటా కనెక్షన్‌తోనే వచ్చేది అయితే సెకనుకు పదుల వేల ముక్కలు అందిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చితే వెనకాల నడిచే పనులు తగ్గుతాయి కాబట్టి ఎంతో కొంత తేడా కనిపిస్తుంది. కానీ డిస్కు తిరిగే వేగాన్ని ఏ లైనక్సూ పెంచలేదు.

అందువల్ల నా మొదటి సలహా: ఒక చిన్న ఎస్ఎస్‌డీ పెట్టండి. 240 జీబీది చాలు, ఎందుకంటే మింట్ కనీసం 20 జీబీ అడుగుతుంది, సుఖంగా ఉండాలంటే 100 జీబీ అంటుంది. కొనేటప్పుడు 2.5 అంగుళాల సాటా రకమే తీసుకోండి. పొడవాటి చిన్న పలకలా ఉండే ఎం.2 రకం ఆ కాలపు ల్యాప్‌టాప్‌లో చాలావరకు పట్టదు. పాత డిస్కు మందం సాధారణంగా 9.5 మిల్లీమీటర్లు, ఎస్ఎస్‌డీది 7. లోపల కదులుతుంటే సన్నని ప్లాస్టిక్ చట్రం పెట్టాలి, కొన్ని ఎస్ఎస్‌డీల డబ్బాలోనే అది వస్తుంది. వీలైతే ర్యామ్‌ను కూడా 8 జీబీ చేయండి. దీనికి ల్యాప్‌టాప్ రకం డీడీఆర్3 కావాలి. డీడీఆర్3ఎల్ అని రాసి ఉన్నది తీసుకుంటే ఇంకా మంచిది, అది 1.35 వోల్టుల దగ్గరా 1.5 వోల్టుల దగ్గరా పనిచేస్తుంది. రెండింటిలో ఒకటే కుదిరితే ఎస్ఎస్‌డీకే నా ఓటు.

ఎస్ఎస్‌డీ వల్ల వేగం కంటే పెద్ద లాభం మరొకటి ఉంది. మీ రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ జవాబు అందులోనే దొరుకుతుంది. పాత హార్డ్ డిస్కును విప్పి, దేనినీ చెరపకుండా, విండోస్‌తో సహా అలాగే పక్కన పెట్టేయండి. లైనక్స్‌ను కొత్త ఎస్ఎస్‌డీలో వేయండి. ఫైళ్లన్నీ పాత డిస్కులో భద్రం. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న పెట్టెలో దాన్ని బిగిస్తే బయటి డిస్కులా తెరుచుకుంటుంది, కావలసిన ఫోల్డర్లు తెచ్చుకోవచ్చు. లైనక్స్ మీ ఇంట్లో ఎవరికీ నచ్చలేదనుకోండి, స్క్రూడ్రైవర్ తీసుకుని పాత డిస్కును తిరిగి పెట్టేస్తే నిన్నటి కంప్యూటర్ నిన్నటిలాగే లేస్తుంది. ఒకే డిస్కును రెండు ముక్కలు చేసి రెండు సిస్టమ్‌లు నడపడం కంటే ఇది ఎంతో సుళువు, భయం లేనిది.

అయినా బ్యాకప్ తీయండి. ఆ డిస్కు వయసు చూడండి, అది ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. డాక్యుమెంట్లు, ఫొటోలు అందరూ కాపీ చేస్తారు. మర్చిపోయేవి వేరే ఉంటాయి: డెస్క్‌టాప్ మీద పరిచిన ఫైళ్లు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు, అవుట్‌లుక్ వంటి ప్రోగ్రామ్‌లో ఉన్న పాత మెయిళ్లు. కాపీ అయ్యాక ఆ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌ను మరో కంప్యూటర్‌లో పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. కాపీ అయిందని తెర మీద వచ్చినంత మాత్రాన ఫైలు తెరుచుకుంటుందని కాదు. బిట్‌లాకర్ అనే తాళం ఆ డిస్కుకు వేసి ఉందేమో కూడా సెట్టింగ్స్‌లో చూసుకోండి. ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి, లేదా తాళం తీసేయండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాని వల్ల షట్‌డౌన్ చేసినా డిస్కు పూర్తిగా మూతపడదు, లైనక్స్ ఆ డిస్కులో రాయడానికి ఒప్పుకోదు. చివరిసారి ఆపేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ ఇస్తే ఆ బెడద ఉండదు.

ఇక మింట్ ఎందుకు? ఇప్పుడున్న 22 వరుస 2024లో వచ్చింది, ఉబుంటు అనే మరో డిస్ట్రో 24.04 వెర్షన్ పునాది మీద నిలబడింది, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. మీనూ ఎడమ మూలన, గడియారం కుడి మూలన, విండోస్‌లో అలవాటైన చోటే ఉంటాయి. వీడియోలు, పాటలు నడిపే కోడెక్‌లు, పరికరాలను నడిపే డ్రైవర్లు మౌస్‌తోనే పెట్టుకోవచ్చు. మింట్‌లోనే సినమన్ అనే రకం చూడటానికి ఇంకా బాగుంటుంది కానీ 4 జీబీకి ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక. లుబుంటు, జుబుంటు, ఎంఎక్స్ లైనక్స్ కూడా మంచివే. వాటిని వాడేవాళ్లెవరైనా మీ దగ్గర్లో ఉండి సాయం చేస్తామంటే అదే వేసుకోండి. పక్కన తెలిసినవాళ్లు ఉండటం డిస్ట్రో పేరు కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇది చదివే ఇంకెవరి దగ్గరైనా 32 బిట్ల ప్రాసెసర్ ఉన్న ఇంకా పాత కంప్యూటర్ ఉంటే వారికి ఒక మాట. ఆ దారి మూసుకుపోతోంది. క్రోమ్ 2016లోనే 32 బిట్ల లైనక్స్‌ను వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే డిస్ట్రోలో 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. డెబియన్ 12 పునాదిగా ఉన్న ఎంఎక్స్ 23, యాంటిఎక్స్ వంటివి కొంతకాలం నడుస్తాయి. అలాంటి కంప్యూటర్‌ను టైపింగ్‌కో పాటలకో వాడుకోండి, బ్యాంకు పనులకు మాత్రం వద్దు. మీ ఐ3 64 బిట్లదే, మీకు ఈ చింత లేదు.

లైనక్స్ ఎక్కించడానికి, బ్యాకప్‌ది కాకుండా మరో పెన్‌డ్రైవ్ 8 జీబీది తీసుకోండి. అందులో ఉన్నదంతా పోతుంది, ముందే ఖాళీ చేసుకోండి. మింట్ మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఐఎస్ఓను అధికారిక సైటు నుంచే దింపుకోవాలి, దింపాక దాని షా-256 సంఖ్య (ఫైలు మారిందో లేదో తెలిపే వేలిముద్ర లాంటిది) సరిచూడాలి. ఇది చాదస్తమని చాలామంది దాటేస్తారు. 2016 ఫిబ్రవరిలో మింట్ సైటులోకే దొంగలు చొరబడి, డౌన్‌లోడ్ లింకును మార్చి, దొడ్డిదారి పెట్టిన ఐఎస్ఓను జనం చేత దింపించారు. మింట్ బృందమే ఆ సంగతి బయటపెట్టింది. విండోస్‌లో సెవెన్-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే షా-256 చూపిస్తుంది. ఆ పొడవాటి సంఖ్య సైటులో ఇచ్చినదానితో అక్షరం అక్షరం కలవాలి. కలవకపోతే ఎక్కువసార్లు కారణం దొంగలు కాదు, డౌన్‌లోడ్ మధ్యలో చెడి ఉంటుంది. ఏదైనా మళ్లీ దింపుకోవలసిందే. ఆ తర్వాత రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీద రాయండి. ఐఎస్ఓను మామూలుగా కాపీ చేసి పేస్ట్ చేస్తే కంప్యూటర్ దాని నుంచి లేవదు.

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీట ఏదో ఒకటి టకటకా నొక్కుతూ ఉంటే ఎక్కడి నుంచి లేవాలో అడిగే పట్టిక వస్తుంది. ఏ మీటో కంపెనీని బట్టి మారుతుంది, మొదటి తెర మీద ఒక క్షణం కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే డిస్కును ముట్టకుండా మింట్ మొత్తం పెన్‌డ్రైవ్ నుంచే లేస్తుంది. దీనినే లైవ్ సెషన్ అంటారు. ఇక్కడ తొందరపడి ఇన్‌స్టాల్ గుర్తు మీద నొక్కకండి. ఈ పని మొత్తంలో అన్నిటికంటే విలువైన గంట ఇదే.

ఆ గంటలో ఏం చూడాలి? ముందుగా వైఫై. ఇంటెల్, అథెరాస్ చిప్‌లు సాధారణంగా అడగకుండానే పనిచేస్తాయి. బ్రాడ్‌కామ్ చిప్ అయితే వైఫై గుర్తే కనిపించకపోవచ్చు. కంగారు పడనక్కర్లేదు. ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఇంటర్నెట్ వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక అదే పద్ధతిలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ డ్రైవర్ చూపిస్తుంది. తర్వాత శబ్దం, హెడ్‌ఫోన్ జాక్, కెమెరా, తెర వెలుతురు తగ్గించే మీటలు, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో జరపడం, అన్నీ చూడండి. ల్యాప్‌టాప్ మూత వేసి కాసేపు ఆగి తెరవండి. తెర నల్లగా ఉండిపోయిందా, మామూలుగా లేచిందా? పాత ల్యాప్‌టాప్‌లలో లైనక్స్ ఎక్కువగా తడబడేది ఈ నిద్రలేపే చోటే. లేవకపోతే అమ్మానాన్నలకు రోజూ ఇదే గొడవ అవుతుంది కాబట్టి ఇప్పుడే తెలియడం మంచిది. వేగం గురించి మాత్రం లైవ్ సెషన్‌ను బట్టి తీర్పు ఇవ్వకండి, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది కాబట్టి ఈడుస్తూనే ఉంటుంది.

ప్రింటర్‌ను కూడా ఈ గంటలోనే కలిపి ఒక పేజీ తీసి చూడండి. ఇటీవలి వైఫై ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ అడగవు, నెట్‌వర్క్‌లో వాటంతట అవే కనిపిస్తాయి. హెచ్‌పీ ప్రింటర్లకు లైనక్స్‌లో మద్దతు ముందు నుంచీ బాగుంది. ఇబ్బంది పెట్టేవి పాతకాలపు చవక లేజర్ ప్రింటర్లు. వాటిలో సొంత తెలివి తక్కువ. పేజీని చుక్కలుగా మార్చే పని అంతా కంప్యూటర్‌లోని డ్రైవరే చేసి పంపాలి. ఆ డ్రైవర్‌ను కంపెనీ లైనక్స్‌కు ఇవ్వకపోతే, ఇచ్చి కొన్నేళ్ల కిందట వదిలేస్తే, ఆ ప్రింటర్‌తో కుస్తీ తప్పదు. మీ ప్రింటర్ ఏదో మీరు రాయలేదు. లైనక్స్‌కు మారాలా వద్దా అన్నది మీ విషయంలో దాని మీదే ఆధారపడవచ్చు.

మరో తనిఖీ, ఎస్ఎస్‌డీ పెట్టలేని పరిస్థితి ఉంటే మరీ ముఖ్యం. లైవ్ సెషన్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి, హార్డ్ డిస్కును ఎంచుకుని, మూడు చుక్కల మెనూలో స్మార్ట్ డేటా (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడి పక్కన పెట్టిన చోట్లు), పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్న చోట్లు) అనే రెండు వరుసల్లో సున్నా ఉండాలి. పెండింగ్ వరుసలో పదులు, వందలు కనిపిస్తే డిస్కు పోయే దారిలో ఉంది. అలాంటి డిస్కులో కొత్త సిస్టమ్ వేసి, రేపు అది ఆగిపోయాక లైనక్స్‌ను తిట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇన్‌స్టాలర్ అడిగేవి తేలికైనవే: భాష, కీబోర్డు, కోడెక్‌లు పెట్టమంటారా అన్న గడి. ఆ గడిలో టిక్ పెట్టండి. జాగ్రత్తగా ఉండవలసిన తెర ఒక్కటే, ఎక్కడ వేయాలి అని అడిగేది. డిస్కును చెరిపి వేయమంటారా, ఉన్నదాని పక్కన వేయమంటారా, మరో విధంగానా అని అక్కడ ఉంటుంది. డిస్కుల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని వస్తాయి, ఏది ఏదో పేరును బట్టి తెలియదు. పరిమాణం చూడండి. విండోస్ 465 జీబీ అని చూపే హార్డ్ డిస్కు ఇక్కడ 500 అని కనిపిస్తుంది, 8 అని ఉంటే అది మీ పెన్‌డ్రైవ్, 240 అని ఉంటే కొత్త ఎస్ఎస్‌డీ. విండోస్ 1024ల లెక్కన, ఇన్‌స్టాలర్ 1000ల లెక్కన కొలుస్తాయి కాబట్టి ఆ తేడా. పాత డిస్కును ముందే విప్పేసి ఉంటే ఈ తెర మీద పొరపాటుకు తావే ఉండదు. అక్కడున్నది ఎస్ఎస్‌డీ ఒక్కటే, చెరిపి వేయమని చెప్పి ముందుకు వెళ్లండి.

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోతే కంప్యూటర్ లేచేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగ్స్‌లో సాటా (డిస్కు కనెక్షన్) అమరిక రైడ్ అని ఉందేమో చూసి ఏహెచ్‌సీఐకి మార్చండి. అదే డిస్కులో విండోస్‌ను కూడా ఉంచుకునేవారు మాత్రం ఈ మార్పును గుడ్డిగా చేయకూడదు, విండోస్ లేవడం మానేస్తుంది.

విండోస్‌ను అదే డిస్కులో పక్కన ఉంచుకోవడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అవసరం ఉంటేనే ఉంచుకోండి. ధైర్యం కోసమైతే వద్దు. లైనక్స్‌లో నడవని ప్రోగ్రామ్ ఏదైనా ఉందా అని ఇంట్లో అందరినీ అడగండి. ఫొటోషాప్, ఆటోక్యాడ్, విండోస్‌కే పరిమితమైన అకౌంటింగ్ ప్యాకేజీ, ఆన్‌లైన్ పరీక్షల్లో నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెన్, కొన్ని ఆన్‌లైన్ ఆటలు, వీటిలో ఏదైనా తప్పనిసరి అయితే విండోస్ ఉండాల్సిందే. వైన్ అనే సాధనం కొన్ని విండోస్ ప్రోగ్రామ్‌లను నడుపుతుంది కానీ దాని మీద భరోసా పెట్టుకుని మారకండి. రెండూ ఉంచుకుంటే గడియారం గంటల కొద్దీ తప్పు చూపవచ్చని ముందే తెలుసుకోండి. లైనక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచుతుంది, విండోస్ స్థానిక సమయంలో ఉంచుతుంది. స్థానిక సమయమే వాడమని లైనక్స్‌కు చెప్పే ఏర్పాటు ఉంది.

గడియారం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆపి ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయిందని అర్థం. చాలా కంప్యూటర్లలో అది సీఆర్2032. ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి వైరుతో వచ్చే రకం ఉంటుంది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని అడ్డుపడతాయి, అందరూ ఆ నేరాన్ని కొత్త సిస్టమ్ మీద వేస్తారు.

వేసిన తర్వాత చేయవలసినవి ఎక్కువ లేవు. అప్‌డేట్ మేనేజర్ తెరిచి ఉన్నవన్నీ వేసేయండి. మొదటిసారి కొంచెం సమయం పడుతుంది. డ్రైవర్ మేనేజర్‌లో ఏమైనా సూచిస్తే పెట్టండి. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌లో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ ఇప్పటి స్థితి కాపీ) తీయండి. ఏదైనా అప్‌డేట్ తర్వాత సిస్టమ్ చెడితే దానితో వెనక్కి రావచ్చు. అది సిస్టమ్ ఫైళ్లనే కాపాడుతుంది, ఫొటోలకూ ఉత్తరాలకూ వేరే బ్యాకప్ ఉండాలి.

వీడియోల విషయంలో ఒక చిక్కు వస్తుంది, ముందే చెప్పి ఉంచుతాను. మీ ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4000 తరగతి గ్రాఫిక్స్ హెచ్.264 అనే రూపంలోని వీడియోను తానే విప్పగలదు. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 రూపాల్లో పంపుతుంది, అవి దానికి రావు. అప్పుడు ఆ పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాన్ మోత మోగుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. బ్రౌజర్‌లో హెచ్264ఐఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ పెడితే యూట్యూబ్ హెచ్.264 రూపంలోనే పంపుతుంది. అది కూడా ఎందుకనుకుంటే 720పీలో చూడండి, ల్యాప్‌టాప్ తెర మీద తేడా పెద్దగా తెలియదు. ఫ్యాన్ అప్పటికీ హోరెత్తుతుంటే లోపల ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ఉంటుంది. ఎస్ఎస్‌డీ పెట్టడానికి ఎలాగూ విప్పుతారు కాబట్టి అప్పుడే తుడిచేయండి.

ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్ ముందే ఉంటుంది. వర్డ్ ఫైళ్లు తెరుస్తుంది, దాచుతుంది. క్యాలిబ్రి, కాంబ్రియా ఫాంట్లతో చేసిన ఫైళ్లలో పంక్తులు చెదిరిపోతే కార్లిటో, క్యాలడియా ఫాంట్లు పెట్టండి. వాటి అక్షరాల వెడల్పు సరిగ్గా అంతే ఉండేలా తయారుచేశారు కాబట్టి పేజీలు జరగవు. దరఖాస్తులు పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపితే ఏ గొడవా ఉండదు. మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్లు మాత్రం సరిగ్గా నడుస్తాయని అనుకోకండి.

తెలుగులో టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక అలవాటు ఉంటే కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చితే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునేవారు ఐబస్, దానితో ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లు పెట్టుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు వస్తాయి. ఫోనులో లాగా తర్వాతి మాటను ఊహించి చూపించదు, కొద్ది రోజుల్లో చెయ్యి అలవాటు పడుతుంది. యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లు ఉంటే వాటిని విండోస్ ఉండగానే పీడీఎఫ్‌లుగా మార్చి పెట్టుకోండి, ఇక్కడ అవి గజిబిజి గుర్తులుగా కనిపిస్తాయి.

కమాండ్ల భయం గురించి. రోజువారీ వాడకంలో కమాండ్లు కొట్టే నల్ల తెర తెరవనవసరం లేదు. అయితే ఇంటర్నెట్‌లో ఏ సమస్యకు పరిష్కారం వెతికినా కమాండే చూపిస్తారు. రాసేవారికి అది సుళువు: ఏ మెనూ ఎక్కడుందో వర్ణించకుండా ఒక వరుస ఇచ్చేస్తే ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. ఆ సుళువులోనే ప్రమాదం కూడా ఉంది. సుడో అనే మాటతో మొదలయ్యే కమాండ్ సిస్టమ్ మొత్తం మీద అధికారంతో నడుస్తుంది. అది ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో మీరు చెప్పలేకపోతే అతికించకండి. సాఫ్ట్‌వేర్ కావాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకండి, విండోస్‌లో లాగా సైట్ల వెంట తిరిగి దింపుకునే అలవాటు మానుకోండి.

అమ్మానాన్నల సంగతి. వారికి ఆపరేటింగ్ సిస్టమ్ మారిందని పాఠం చెప్పకండి. బ్రౌజర్ గుర్తు తెర మీద ఇదివరకు ఎక్కడుండేదో అక్కడే పెట్టండి. వారు తెరిచే సైట్లను బుక్‌మార్క్‌ల పట్టీలో అదే వరుసలో ఉంచండి. పాస్‌వర్డ్‌లు మీరే ఒకసారి ఎక్కించి చూడండి. ప్రింటర్‌తో వారి ముందే ఒక పేజీ తీయించండి. అప్‌డేట్లు వాటంతట అవే పడేలా అప్‌డేట్ మేనేజర్‌లో అమర్చండి. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని బ్రౌజర్‌లో వచ్చే మోసాలు లైనక్స్‌లోనూ వస్తాయి, అవి నమ్మవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. పాత డిస్కును ఒకటి రెండు నెలల దాకా చెరపకండి. ఏదో ఒక రోజు ‘ఆ ఫొటో ఎక్కడ ఉంది’ అని తప్పకుండా అడుగుతారు.

లైవ్ సెషన్‌లో ఏదైనా పనిచేయకపోతే మెనూలో సిస్టమ్ సమాచారం చూపే ప్రోగ్రామ్ ఉంటుంది. అందులో నెట్‌వర్క్, గ్రాఫిక్స్ అన్న భాగాల కింది వరుసలు కాపీ చేసి, ల్యాప్‌టాప్ మోడల్, ప్రింటర్ మోడల్ కలిపి రాయండి. చిప్ పేరు తెలిస్తే ఏం చేయాలో చెప్పవచ్చు. ‘వైఫై రావడం లేదు’ అని మాత్రమే రాస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు.